స్టెమ్ సెల్స్‌తో గుండె కండ మళ్ళీ పుడుతుందా? మా నాయన ఈఎఫ్ 30 నుంచి 41కి ఎట్టా వచ్చిందో చెబుతాను

కావలి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న: "మా నాన్నకి 57 ఏళ్ళు. ఆరు వారాల కింద హార్ట్ ఎటాక్ వచ్చింది, స్టెంట్ వేశారు. గుండె పంపింగ్ 28 శాతమే ఉందంటున్నారు. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చచ్చిపోయిన కండ మళ్ళీ పుడుతుందని ఒక క్లినిక్ వాళ్ళు చెబుతున్నారు. మొత్తం 5 లక్షలు, ముందు లక్ష అడ్వాన్సు. కట్టొచ్చా?"

కట్టకండి. (స్టెమ్ సెల్స్ అంటే మూలకణాలు, ఒంట్లో వేరే రకాల కణాలుగా మారగలిగేవి.) ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే మా నాయన సంగతి చెప్పాలి. నేను డాక్టర్ని కాదు. జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మాది కందుకూరు పక్కన పల్లె. (ఏ జిల్లా అని మాత్రం అడక్కండి. ప్రకాశంలో పుట్టి, 2022లో ఉన్నచోటు నుంచి కదలకుండానే నెల్లూరు వాళ్ళమయ్యాం.)

మూడేళ్ళ కింద ఫిబ్రవరిలో, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో క్యూరింగ్ నడుస్తోంది. ఆ వారం రోజులు మా నాయన ఇంటికి రాడు, బ్యారన్ దగ్గరే మంచం. రాత్రిళ్ళు లేచి థర్మామీటర్ చూసుకోవాలి, పొయ్యిలో కట్టె ఎగదొయ్యాలి. వేడి కాస్త అటూ ఇటూ అయితే ఆకు రంగు పోయిద్ది, వేలంలో రేటు పడిపోయిద్ది. ఆ రాత్రి పదకొండింటప్పుడు గుండెల మీద బరువు పెట్టినట్టుందని పక్కన పనిచేసే పిల్లాడితో అన్నాడంట. గ్యాస్ అనుకుని సోడా తాగాడు. ఒళ్ళంతా చెమట. పొయ్యి ముందు కూర్చున్న మనిషికి చెమట పడితే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి? నాకు ఫోన్ వచ్చేసరికి తెల్లవారుజామున నాలుగు. ఒంగోలు చేరేసరికి ఐదున్నర. అంటే ఆరున్నర గంటలు. గుండె ముందు గోడకి రక్తం తీసుకుపోయే పెద్ద నాళం పూర్తిగా మూసుకుపోయింది. స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది.

మూడో రోజు ఎకో తీస్తుంటే డాక్టరు గారు నన్ను లోపలికి పిలిచి స్క్రీన్ చూపించారు. ఒకపక్క గోడ బిగుసుకుంటోంది, వదులవుతోంది. ముందు గోడ మాత్రం పక్కన లాగితే కదిలే దోమతెరలాగా ఊరికే ఊగుతోంది. ఈఎఫ్ 30. అంటే ఎడమ గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి నూటికి ముప్పై వంతులే బయటికి పోతోంది. మామూలు గుండెలో అది 55కి పైనే ఉంటుంది.

"ఆ గోడ చచ్చిపోయినట్టేనా సార్?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేం. కొంత చచ్చింది, కొంత సొమ్మసిల్లింది. ఏది ఎంతో మూడు నెలలాగితే తెలుస్తుంది" అన్నారు.

ఆ మాట ఆరోజు నాకు సరిగ్గా ఎక్కలేదు. బయాలజీ చెప్పే నాకే ఎక్కనప్పుడు మా అమ్మకి ఏం ఎక్కుతుంది? బంధువుల్లో ఒకాయన స్టెమ్ సెల్స్ క్లినిక్ నంబరు పంపాడు. డిశ్చార్జి అయిన మూడు వారాలకి నాయనని తీసుకుని పెద్ద ఊరికి పోయాం. ఏసీ గది. గోడ మీద పెద్ద గుండె బొమ్మ, ఆ గుండెలోంచి పచ్చటి మొలక ఒకటి వస్తా ఉంది. ఆ బొమ్మ దగ్గరే మా నాయన సగం పడిపోయాడు, రైతు కదా. మాట్లాడింది డాక్టరు కాదు, కౌన్సెలరు. ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి తీసి ఒక్కో పేజీ తిప్పాడు. ఒకాయనకి 28 నుంచి 40. ఇంకొకామెకి 30 నుంచి 43. వైద్యానికి ముందు ఎకో, నాలుగు నెలల తర్వాత ఎకో, రెండూ పక్కపక్కన. మూడు డోసులు, నాలుగున్నర లక్షలు.

బయటికొచ్చాక మా నాయన, "అరెకరం పోతే పోయిద్ది అబ్బయ్యా, అమ్మేద్దాం" అన్నాడు.

మమ్మల్ని కాపాడింది నా చదువు కాదు. ఆ అరెకరం పాస్‌బుక్కులో మా తాత పేరే ఉంది. దాన్ని మార్పించేసరికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఒంగోలు డాక్టరు గారు రాసిన మాత్రలే వేసుకుంటా ఉన్నాడు. నాలుగో నెల ఎకోలో ఈఎఫ్ 41.

స్టెమ్ సెల్ ఒక్కటి కూడా ఎక్కించకుండానే 41. రిపోర్టు చేతిలో పెట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుంటే ఆ ఫైలు గుర్తొచ్చింది. మేం గనక డబ్బు కట్టి ఉంటే మా నాయన రిపోర్టు కూడా ఆ ఫైల్లో ఒక పేజీ అయ్యేది. మేమే ఊరంతా తిరిగి చెప్పేవాళ్ళం, స్టెమ్ సెల్స్ బాగా పనిచేశాయని. మేం అబద్ధం చెప్పినట్టు కాదు, నిజంగానే నమ్మేవాళ్ళం.

సొమ్మసిల్లడం అంటే ఏంటో అప్పుడు చదివాను. రక్తం ఆగినప్పుడు మధ్యలో ఉన్న కండ గంటల్లో చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్నది చావదు, కానీ పని మానేస్తుంది. స్టెంట్ వేసి రక్తం వదిలినా వెంటనే లేవదు, రోజులు, వారాలు తీసుకుంటుంది. మెల్లగా లేచి మళ్ళీ ముడుచుకోవడం మొదలుపెడితే ఈఎఫ్ పెరుగుతుంది. కొత్త కండ పుట్టి కాదు. చచ్చిన చోట మాత్రం మచ్చే మిగుల్తుంది, కాలిన చోట చర్మం బిగుసుకున్నట్టు. మా నాయన ముందు గోడ చివర ఇప్పటికీ కదలదు.

ఇది నా ఒక్కడి అనుభవం అనుకుంటారేమో. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో రిపేర్-ఏఎంఐ అని ఒక పరిశోధన జరిగింది, 2006లో అచ్చయింది. ఎటాక్ వచ్చిన 204 మందికీ తుంటి ఎముకలోంచి మూలుగ (మూలకణాలు ఉండే మెత్తటి భాగం) తీశారు. సగం మందికి వాళ్ళ మూలుగ కణాలే గుండె నాళంలోకి పంపారు, సగం మందికి ఉత్తుత్తి ద్రవం పంపారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికి తెలియదు. నాలుగు నెలలకి కణాలు ఎక్కించుకున్న వాళ్ళ ఈఎఫ్ సగటున 5.5 పాయింట్లు పెరిగింది. ఉత్తుత్తి ద్రవం వాళ్ళదీ 3 పాయింట్లు పెరిగింది! క్లినిక్ ఫైల్లో లేనిది ఈ రెండో గుంపే. ఏమీ ఎక్కించని వాళ్ళ పేజీలు కూడా పక్కన పెట్టి చూపిస్తే తప్ప ఆ 28 నుంచి 40కి అర్థం లేదు.

మిగిలిన ఆ రెండున్నర పాయింట్ల తేడా నిజమే కదా అంటారా? అందరూ అదే అనుకున్నారు. అదే ఏడాది నార్వే వాళ్ళు ఇలాగే చేస్తే తేడా ఏమీ రాలేదు. చివరికి ఈఎఫ్ సంగతి పక్కన పెట్టి, మనిషి బతుకుతాడా లేదా అనేది తేల్చాలని యూరప్‌లో బామి అనే పరిశోధన మొదలుపెట్టారు. 3,000 మంది కావాలనుకున్నారు, 375 మందే దొరికారు. 2020లో వచ్చిన ఆ ఫలితంతో ఏదీ తేలలేదు. ఎముక మూలుగ కణాల కథ దాదాపు అక్కడికి ఆగింది.

అసలు ఈ ఆశ ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి, ఎందుకంటే క్లినిక్ వాళ్ళు ఇప్పటికీ ఆ పాత కథే చెబుతున్నారు. 2001లో నేచర్ అనే సైన్స్ పత్రికలో అమెరికా నుంచి పియెరో అన్వెర్సా బృందం ఒక పేపర్ రాసింది. ఎలుకల గుండెలో మూలుగ కణాలు గుచ్చితే తొమ్మిది రోజుల్లో దెబ్బతిన్న భాగంలో 68 శాతం కొత్త కండతో నిండిందని. ప్రపంచం ఊగిపోయింది. 2004లో వేరే రెండు బృందాలు అదే చేసి చూస్తే మూలుగ కణాలు గుండె కండగా మారనే లేదు. ఆ తర్వాత అన్వెర్సా ల్యాబ్ మీద విచారణ నడిచింది. 2018లో అన్వెర్సా తర్వాత పనిచేసిన హార్వర్డ్, వాళ్ళ ఆసుపత్రి కలిసి ఆ ల్యాబ్ పేపర్లు 31 వెనక్కి తీసుకోవాలని పత్రికలకి రాశాయి, కల్పించిన, మార్చిన డేటా ఉందని. మా స్కూల్లో రికార్డు బుక్కులో కాపీ కొట్టిన పిల్లాడిని నిలబెడతాం. ఇక్కడ ఆ ల్యాబ్ సంగతి బయటపడేసరికి ఆ మొదటి పేపర్ వచ్చి పదిహేడేళ్ళయింది.

గుండెకి తనంతట తానే కండ పుట్టించుకునే శక్తి లేదా? ఉంది, చాలా కొద్దిగా. స్వీడన్‌లో దీన్ని లెక్కగట్టిన పద్ధతి నాకు భలే నచ్చుతుంది. 1950లు, 60ల్లో అణుబాంబు పరీక్షలు చేసినప్పుడు గాలిలో కార్బన్-14 (రేడియోధార్మిక కార్బన్) పెరిగింది. అది తిండితోపాటు అప్పటి మనుషుల ఒంట్లోకీ, కణాల డీఎన్ఏలోకీ చేరింది. కణం పుట్టినప్పుడు గాలిలో ఎంత ఉందో దాని డీఎన్ఏలో ఆ గుర్తు ఉండిపోతుంది, దాన్నిబట్టి గుండె కణం ఏ ఏడాది పుట్టిందో చెప్పొచ్చు. 2009లో తేల్చిన లెక్క ప్రకారం 25 ఏళ్ళ వయసులో ఏడాదికి గుండె కండర కణాల్లో 1 శాతం కొత్తవి వస్తాయి, 75 దగ్గర 0.45 శాతం. పెద్ద ఎటాక్‌లో పోయేవి వంద కోట్ల కణాల దాకా ఉంటాయి. ఏడాదికి నూటికి ఒకటి చొప్పున వచ్చేవి ఆ గుంటని ఏం పూడుస్తాయి!

మా ఎనిమిదో తరగతిలో ఒకడు అడిగాడు, "బల్లికి తోక మొలుస్తుంది కద సార్, గుండెకెందుకు మొలవదు?" అని. మొలిచే జీవి ఉందిరా అని చెప్పాను. జీబ్రా చేప. అక్వేరియంలో చారలతో తిరిగే వేలెడంత చేప, మన దేశపు వాగుల్లోదే. గుండెలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో పూడ్చేసుకుంటుంది, 2002లో నిరూపించారు. ఎలుక పిల్ల కూడా పుట్టిన ఒకట్రెండు రోజుల్లో అయితే చేసుకుంటుంది, వారం దాటితే చేతకాదు. ("అయితే చేపల పులుసు తింటే మంచిదా సార్?" అని వెనక బెంచీ. నెల్లూరు వైపు పిల్లలు మరి.)

ఇప్పుడు మీ క్లినిక్ వాళ్ళు చెప్పే పద్ధతి. మాకు చెప్పింది సెలైన్ లాగా చేతి నరానికి ఎక్కిస్తామని. మీకూ అదే అయితే తెలుసుకోండి, అలా ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. నేరుగా గుండెలో గుచ్చినవి కూడా చాలావరకు రోజుల్లో చచ్చిపోతాయి. మరి కొంతమందికి కొంచెం మేలు కనిపించింది కదా అంటే, దానికి మా నాయనకి నేను చెప్పిన పోలిక జీలుగ. వరి వేసేముందు మడిలో జీలుగ చల్లి, పెరిగాక దున్నేస్తాం. జీలుగ పంట కోసం కాదు, అది కుళ్ళి మడికి బలం ఇస్తుందని. గుచ్చిన కణాలు కూడా కండ కావు. చచ్చేలోపు వదిలే పదార్థాలు, వాటిని ఎత్తిపోయడానికి వచ్చే ఒంటి రక్షణ కణాలు మచ్చని కొద్దిగా మెత్తబరుస్తాయని ఇప్పుడు అనుకుంటున్నారు. ఎలుకల్లో అయితే చచ్చిన కణాలు గుచ్చినా దాదాపు అదే మేలు కనబడింది. అంటే వాళ్ళు అమ్మేది విత్తనం పేరుతో పచ్చిరొట్ట ఎరువు. ఎరువు చెడ్డదని కాదు, కానీ మొలక బొమ్మ వేసి నాలుగున్నర లక్షలు అడిగితే ఎట్టా?

నిజంగా కండ తయారుచేసే పని ఇంకో దారిలో జరుగుతోంది. జపాన్‌లో షిన్యా యమనకా 2006లో మామూలు కణాన్ని వెనక్కి తిప్పి మూలకణంగా మార్చే కిటుకు కనిపెట్టాడు, 2012లో నోబెల్ వచ్చింది. వాటినుంచి ల్యాబ్‌లో గుండె కండ పెంచితే గిన్నెలోనే కొట్టుకుంటుంది. 2020 జనవరిలో ఒసాకాలో అలాంటి కండని పల్చటి పొరలా చేసి ఒక రోగి గుండె మీద మొదటిసారి అంటించారు. జర్మనీలోని గోటింగెన్ వాళ్ళు 46 ఏళ్ళ ఆమె గుండె మీద మందపాటి అతుకు కుట్టారు. మూడు నెలలకి ఆమెకి వేరే గుండె దొరికి మార్చినప్పుడు పాత గుండెని కోసి చూస్తే అతుకు బతికే ఉంది. 2025లో ఈ సంగతి నేచర్‌లో వచ్చింది. నేను నమ్మే దారి ఇది. కానీ ఇది చేతికి సెలైన్ పెట్టే పని కాదు, ఛాతీకి ఆపరేషన్. పరాయి కణాలు కాబట్టి ఒంటి రక్షణని అణిచే మందులు కూడా వాడాలి. పైగా ఒక తలనొప్పి ఉంది. 2014లో అమెరికాలో కోతుల గుండెల్లోకి ఇలాంటి కణాలు వంద కోట్లు గుచ్చితే కండ అతుక్కుంది, కానీ గుండె లయ తప్పింది. కొత్త గిత్తని కాడికి కట్టామనుకోండి, బలం ఉంటుంది, కానీ పక్క ఎద్దుతో అడుగు కలవదు, సాలు వంకర పోతుంది. అడుగు కలిసేలా చెయ్యడమే ఇప్పుడు వాళ్ళ పని.

చట్టం సంగతి క్లుప్తంగా. మన దేశంలో మూలకణాల వైద్యానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. రక్త జబ్బులకి చేసే మూలుగ మార్పిడి లాంటివి తప్పితే, గుండెతో సహా మిగిలిన జబ్బులకి మూలకణాలు వాడాలంటే అనుమతి తీసుకున్న పరిశోధనలోనే వాడాలి. పరిశోధన అయితే దానికి సీటీఆర్ఐ (మన దేశంలో రోగుల మీద చేసే పరిశోధనలు నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు ఉంటుంది, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. నేను ఆ కౌన్సెలర్‌కి ఫోన్ చేసి సీటీఆర్ఐ నంబరు ఇవ్వండి అన్నాను. మేనేజర్ని అడిగి చెబుతా అన్నాడు. అంతకుముందు రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేవాడు.

ఇక మా నాయనని లేపిన మందులు. పేర్లు రాస్తాను, కానీ మీరు మీ డాక్టర్ని అడగడానికే, కొనుక్కోవడానికి కాదు: సాకుబిట్రిల్-వాల్సార్టన్, మెటోప్రొలాల్, స్పైరొనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. నాలుగూ నాలుగు రకాలు, బీపీ, పొటాషియం చూసుకుంటూ డోసు మెల్లగా పెంచారు. మొదట్లో లేవగానే కళ్ళు తిరిగేవి, మానేస్తానన్నాడు, డాక్టరు డోసు సర్దారు. మొదటి మందు ఒక్కదాన్నే 8 వేల మందికి పైగా రోగుల మీద పరీక్షించారు. స్టెమ్ సెల్స్‌కి 3,000 మందినే కూడగట్టలేకపోయారని పైన చెప్పాను కదా. పేటెంట్లు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు వీటి ధర బాగా తగ్గింది. మాకు నెలకి అన్నీ కలిపి మూడు వేల లోపే. స్టెంట్ మూసుకుపోకుండా ఇచ్చే రెండు రకాల మాత్రలు వేరే ఉంటాయి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నా, ఎముకలోంచి మూలుగ తీయాలి కాబట్టి వాటిని ఆపమని క్లినిక్ వాళ్ళు అంటే, కార్డియాలజిస్టుని అడక్కుండా ఒక్క పూట కూడా ఆపకండి.

మాత్రల కన్నా కష్టపడింది రెండిటి దగ్గర. ఒకటి చుట్ట. ఇంటి నిండా పొగాకు పెట్టుకుని మనిషిని చుట్ట మానిపించడం ఎట్టాగో నన్ను అడక్కండి, మా అమ్మ మానిపించింది. రెండోది ఉప్పు. ఎండుచేపలు, ఊరగాయ, అప్పడాలు బంద్. ఒంట్లో నీరు చేరుతోందేమో తెలియాలంటే రోజూ పొద్దున్నే బరువు చూసుకోమన్నారు. మా నాయన బేళ్ళు తూచే కాటా మీద ఎక్కి నిలబడి, పక్కన గోడ మీద బొగ్గుతో రాసేవాడు. రెండు మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే డాక్టరుకి ఫోన్. ఆ గోడ వల్లే ఒకసారి ఆయాసం రాకముందే నీటి మాత్ర డోసు పెంచుకోగలిగాం.

మీ దగ్గర ఐదు లక్షలు ఉంటే అట్టిపెట్టుకోండి, అవసరం పడొచ్చు. మందులు సరిగ్గా వాడి మూడు నెలలయ్యాక కూడా ఈఎఫ్ 35 లేదా అంతకన్నా తక్కువే ఉంటే, గుండె హఠాత్తుగా ఆగకుండా చర్మం కింద పెట్టే ఐసీడీ అనే పరికరం గురించి డాక్టర్లు మాట్లాడతారు. దానికి లక్షల్లో అవుతుంది, దానికి రుజువుంది. దానికి కూడా వాళ్ళు ఎటాక్ రాగానే తొందరపడరు, ఆగి చూస్తారు. సొమ్మసిల్లిన కండ లేస్తుందేమోనని.

మీ నాన్నగారికి ఆరు వారాలే అయింది. మూడో నెల ఎకో అయ్యాక ఆ నంబరు, ఇప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు ఇక్కడే రాయండి. అప్పటిదాకా ఆ లక్ష మీ దగ్గరే ఉండనివ్వండి.